బట్టీ పట్టించిన రంగులు

మా తమ్ముడికి ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి కనిపిస్తాయి. ఆ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు. మియాపూర్ చౌరస్తా సిగ్నల్లో పై దీపం వెలిగిందా, కింది దీపం వెలిగిందా అని చూసుకుని బండి నడిపేవాడు తప్ప, రంగు చూసి కాదు. అలాంటివాడు సైనిక అకాడమీ రాత పరీక్షా, ఇంటర్వ్యూ రెండూ గట్టెక్కాడు. ఇక మిగిలింది వైద్య పరీక్ష.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా దగ్గర సర్టిఫికేషన్ పరీక్షలు చదివి పాసయ్యే పిచ్చివాడు ఎవడూ లేడు. పాత ప్రశ్నలూ జవాబులూ ఉన్న ఫైలొకటి చేతులు మారుతుంటుంది. దాన్ని వరసగా బట్టీ కొడతాం. నేనూ అలాగే మూడు పాసయ్యాను. రంగుల పరీక్ష మాత్రం ఏం గొప్ప? రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం, అంతేగా! పేజీలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎన్నో పేజీలో ఏ అంకె ఉందో వాడితో వల్లె వేయించాను.

తప్పు చెబితే కొట్టేవాణ్ణి. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. స్కేలు విరిగితే ఛార్జర్ వైరు అందుకున్నాను. వీపంతా వాతలు తేలాయి.

"అన్నా, నిజం చెప్పేద్దాం. జర ఆలోచించు," అన్నాడొకసారి. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లమే గానీ, వాడు పుట్టి పెరిగింది ఇక్కడే. మాటంతా ఇక్కడిదే.

చెంప ఛెళ్లుమనిపించాను. "నిజం చెబితే నెత్తిన పెట్టుకుంటారా? నోర్మూసుకుని తర్వాతి పేజీ చెప్పు."

చెప్పాడు. మొదటి వైద్య పరీక్ష గట్టెక్కాడు కూడా. అమ్మ నర్సు, తన వార్డంతా స్వీట్లు పంచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొత్త ట్రంకుపెట్టె కొనిచ్చి రైలెక్కించాం.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తీస్తే, పెట్టెతో వాడే! కొత్తగా చేరినవాళ్లందరికీ అకాడమీలో మళ్లీ పరీక్ష చేస్తారట. అక్కడి డాక్టరు పేజీ నంబరు వేలితో మూసి, పుస్తకాన్ని వెనక నుంచి తిప్పాడట. వీడు మాత్రం మొదటి పేజీ నుంచి వరసగా అప్పజెప్పాడు. మూడు పేజీలకే దొరికిపోయాడు.

"పేజీ చూడాలని తెలీదురా గాడిదా?"

"చూస్తే నాకేం కనిపిస్తది అన్నా?"

నాకు ఒళ్లు తెలియలేదు. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. టీపాయ్ అద్దం భళ్లున పగిలింది. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాను. వాడు తిరగబడలేదు, చేతులతో తల కప్పుకున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ ఆ చప్పుడుకి లేచి పరుగెత్తుకొచ్చింది.

"చంపేస్తావా ఏవిట్రా వాణ్ణి!" అంటూ మధ్యలో పడింది. నా మోచెయ్యి తగిలి ఆవిడ పెదవి చిట్లింది. కింది ఫ్లాటాయన వచ్చి తలుపు బాదుతూ, "ఏంది గీ లొల్లి? పోలీసోళ్లను పిలవాల్నా?" అని అరిచాడు. అప్పటికిగానీ నా చెయ్యి ఆగలేదు.

తమ్ముడు గోడ పట్టుకుని లేచాడు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

"డాక్టర్ ఏమన్నడో తెలుసా అన్నా? ముందే చెప్పుంటే విమానం ఒక్కటే నడపనియ్యకపోతుండిరంట. సైన్యంలో చోటు ఉంటుండెనంట. కండ్లు బాగలేవని వాపస్ పంపలే నన్ను. మోసం చేసిన్నని పంపిన్రు. ఇగ ఎన్నడూ రావద్దని రాసిన్రు."

అమ్మకి సగమే అర్థమైనట్టుంది. "మోసమేవిట్రా? ఎవరు నేర్పారు నీకు?" అని వాణ్ణే నిలదీసింది.

వాడు నా వైపు చూడలేదు. "ఎవరూ లేరమ్మా. నేనే బట్టీ పట్టిన."

అమ్మ చెయ్యి చాచి వాడి చెంప పగలగొట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.