రెక్కలో పట్టే మనిషి

"—అడక్కుండా వాడి పేరు రాసేస్తే ఎలా? వాడేమన్నా నీ పెరట్లో కట్టేసిన మేకపిల్లా?"

"రాయక? ఈ ఫ్యాక్టరీ మొత్తంలో ఆ కంతలో పట్టేవాడు ఇంకొకడుంటే చూపించు. నువ్వు పడతావా?"

"నా ఒళ్లు సంగతి నీకెందుకు? ముందు నీ బొజ్జ లోపలికి లాక్కో."

విమానం రెక్కలో వెల్లకిలా పడుకుని ఉన్న వెర్లిన్ ఉన్రూకి ఆ మాటలు కాళ్ల వైపు నుంచి వినబడుతున్నాయి. మొదటి గొంతు బయట కాపలా కూర్చున్న బెర్నడీన్‌ది, రెండోది ఫోర్‌మన్ స్టకీది. రేకులకు తగిలి లోపలికి వచ్చేసరికి మాటల అంచులు అరిగిపోయి, ఎక్కడో నీటి ఒడ్డున ఎవరో పోట్లాడుకుంటున్నట్టుగా ఉన్నాయి.

అమెరికాలోని ఈ విచిటా ఊళ్లో తయారయ్యే విమానాలకు రెక్కలే ఇంధనం ట్యాంకులు. రేకులు కలిసే ప్రతి అతుకు మీదా లోపలి నుంచి, సందులు మూసే సీలెంట్ ముద్ద పూయాలి. వెంట్రుకవాసి వదిలినా చమురు కారుతుంది. లోపలికి వెళ్లే కంత ఒక పెద్ద పళ్లెమంత ఉంటుంది. అందులో దూరి, జానెడు జానెడుగా పాకి, అడ్డుపలకల మధ్య పని చేయాలి. ఐదడుగుల రెండంగుళాల వెర్లిన్ పదకొండేళ్లుగా ఆ పనే చేస్తున్నాడు. గంటకి ఇరవై తొమ్మిది డాలర్లు, ట్యాంకులో ఉన్నంతసేపూ పైన ఇంకో మూడు.

లోపల మనిషి ఉన్నప్పుడు కంత దగ్గర ఇంకొకరు కాపలా ఉండాలన్నది నియమం. బెర్నడీన్ ఆ కుర్చీలో తొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. ఐదు నిమిషాలకొకసారి "ఉన్నావా?" అంటుంది. వెర్లిన్ ముఖానికి మాస్కు ఉండి, అరిస్తే తప్ప మాట వినబడదు కాబట్టి, చేతిలో ఉన్న పనిముట్టు పిడితో రేకు మీద రెండుసార్లు కొడతాడు. రెండుసార్లు పిలిచినా జవాబు రాకపోతే ఆమె హారన్ కొట్టాలి. మధ్యలో ఆమె తోచిందల్లా మాట్లాడుతుంది, కోడలి వంట గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. శుక్రవారాలు మాంసం, క్యాబేజీ కూరిన బన్నులు తెచ్చి అతని డబ్బాలో పెడుతుంది.

పొడుగవడానికి అతను చేయించుకోవాలనుకుంటున్న ఆపరేషన్ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

"ఎవరన్నా ఏడిపిస్తున్నారా చెప్పు అబ్బాయ్, వాళ్ల సంగతి నేను చూస్తా" అంది మొదటిసారి విన్నప్పుడు.

"ఎవరూ ఏమీ అనట్లేదు."

"మరి? ఆడపిల్ల కోసమా?"

"కాదు. బళ్లో ఫొటోల్లో ముందు వరసే, చర్చి పాటల్లో ముందు వరసే. ముప్పై ఏడేళ్లొచ్చాయి. రెండో వరసలోంచి ఎలా ఉంటుందో చూడాలనుంది."

"నేను రెండో వరసలోనే ఉంటాను. ముందువాళ్ల బట్టతల కనబడుతుంది" అంది బెర్నడీన్. ఆ తర్వాత మాత్రం వేళాకోళం చేయలేదు.

నెవాడాలోని డాక్టరు రెండు తొడ ఎముకలూ కోసి లోపల కడ్డీలు పెడతానన్నాడు. బయటి నుంచి అయస్కాంతం ఆనిస్తే కడ్డీ రోజుకొక మిల్లీమీటరు సాగుతుంది, తెగిన చోట కొత్త ఎముక నింపుకుంటుంది. డెబ్బై అయిదు రోజుల్లో మూడంగుళాలు. నలభై దాటితే ఎముక బద్ధకిస్తుంది, రావాలనుకుంటే త్వరగా రమ్మన్నాడు. ఖర్చు భరిస్తారా అని అడిగితే ఇన్సూరెన్సు ఆఫీసు అమ్మాయి ఫోనులో మర్యాదగానే నవ్వింది. ఆపరేషను, ఆ తర్వాత నడక నేర్పేవాళ్ల జీతం, అయిదు నెలలు పని లేకుండా గడవడం, అన్నీ కలిపి లక్ష డాలర్లకి కాస్త తక్కువ.

ట్యాంకులోకి దూరినందుకిచ్చే ఆ గంటకు మూడు డాలర్లూ వెర్లిన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ట్రక్కు తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకుంటున్నా మార్చలేదు. శనివారాల్లో ఓవర్‌టైం చేశాడు. పొట్టిగా ఉన్నందుకు వచ్చిందంతా పొడుగవడానికి దాచాడు. అరవై నాలుగు వేలయింది. మిగతాది ఇల్లు అమ్మితే వస్తుంది. వెనక మల్బరీ చెట్టున్న రెండు గదుల ఇల్లు, అతని పేరున ఉన్న ఒకే ఒక్క స్థిరాస్తి. దాన్ని అమ్మడానికి మనసు రాక ఏడాదిగా అక్కడే ఆగిపోయాడు. డాక్టరు ఇస్తానన్న ఏప్రిల్ ఆరో తేదీకి ఇంకా ఔననలేదు.

ఇప్పుడు స్టకీ చేతిలో ఇంకో దారి ఉన్నట్టుంది.

"రెండేళ్లు, అంతే" అంటున్నాడు స్టకీ బయట. "కొత్త మోడలు ట్యాంకులన్నీ వాడే చేస్తే చివర్లో ముప్పై వేలు. పై నుంచి సంతకమై వచ్చింది. నాకెవడన్నా ఇస్తే నేను రాత్రికి రాత్రి ఎండిపోయి వాడి సైజుకొస్తాను."

"ముప్పై వేలా!" అంది బెర్నడీన్.

వెర్లిన్ చేయి అతుకు మీద ఆగింది. ముప్పై వేలు. ఇల్లు ఉంటుంది, డబ్బూ సరిపోతుంది. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లొస్తాయి. ఆ తర్వాత ఇంకో కొత్త మోడలు వస్తుంది, ఇంకో కాగితం వస్తుంది. ఇక్కడ వెనక్కి తిరగాలంటే మోకాళ్లు రొమ్ముకి ఆనించి తుంటి మీద తిరగాలి. మోకాలికీ అడ్డుపలకకీ మధ్య బొటనవేలంత జాగా. తొడలు మూడంగుళాలు పెరిగాక ఈ లోపల తిరగడమన్నది ఉండదు. అది స్టకీకి తెలియదు. వెర్లిన్ కొలిచి చూసుకున్నాడు.

చేతిలైటు వెలుగులో రేకుల పసుపుపచ్చ పూత లేత ఆకులా మెరుస్తోంది. రేకులు బిగించే రివెట్లు వేయాల్సిన సన్నటి రంధ్రాల్లోంచి బయటి వెలుతురు చుక్కలుగా పడుతోంది. వెర్లిన్ కళ్లు మూసుకున్నాడు. చుక్కలు అలాగే ఉన్నాయి. రెక్క రోజుకొక మిల్లీమీటరు సాగుతోంది. ఎవరూ గమనించడం లేదు. షెడ్డు తలుపులు దాటింది, కార్లు నిలిపే జాగా దాటింది, గోధుమ చేల మీదికి వెళ్లింది. దాని నీడలో రైతులు ట్రాక్టర్లు ఆపుకుని భోజనాలు చేస్తున్నారు. లోపల వెర్లిన్ లేచి నిలబడ్డాడు. తల పైకి తగలలేదు. నడుస్తున్నాడు. ఒక్కో అడ్డుపలకనీ తలుపులా తీసుకుని అవతలికి వెళ్తున్నాడు. ప్రతి గదిలోనూ గాలి ఇంకాస్త చల్లగా ఉంది. ఎక్కడో చాలా దూరంలో ఒక ఆడగొంతు ఏదో అడుగుతోంది. జవాబు చెప్పాలని తెలుసు. ఇంకొక్క తలుపు తీసి చెబుదామనుకున్నాడు.

హారన్ మోగింది.

షెడ్డు అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. పరుగుల చప్పుడు. ఎవరో అతని మడమలు పట్టుకుని లాగుతున్నారు.

"ఉన్నాను, ఉన్నాను! వదులు!"

పాకుతూ వెనక్కి వచ్చాడు. బెర్నడీన్ అతని చొక్కా పట్టుకుని రెండుసార్లు ఊపింది.

"రెండుసార్లు పిలిచా వెధవా! చచ్చావనుకున్నా. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఈ హారన్ ముట్టుకోలేదు నేను."

"తప్పయింది."

"తప్పయిందట. నిద్రపోయావా?"

"లేదు. నడుస్తున్నాను."

"వీడికి లోపలి గాలి సరిపోవట్లేదు" అని ఆమె స్టకీ వైపు తిరిగింది. "చూశావా? రెండేళ్లంటున్నావు."

స్టకీ మాస్కు తీయించి, వెర్లిన్ కళ్లల్లోకి చూసి, వేళ్లెన్నో చెప్పమన్నాడు. మూడని చెప్పాక కుదుటపడి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"భయపెట్టి చంపావు కదయ్యా. సరే, ఎలాగూ బయటికొచ్చావు. మా మాటలు విన్నావా?"

"విన్నాను."

"అయితే చెప్పేదేముంది? పెన్ను ఇదిగో."

చుట్టూ చేరినవాళ్లు ఇంకా వెళ్లలేదు. వెర్లిన్ మోకాళ్ల మీద అంటుకున్న సీలెంటు గీకేశాడు. ఆ తర్వాత లేచి నిలబడి, పెన్ను అందుకుని స్టకీ జేబులోనే తిరిగి పెట్టాడు.

"మార్చి ఆఖరు వరకే లోపలికెళ్తాను, స్టకీ. రేపు ఇల్లు అమ్మకానికి పెడుతున్నాను. ఏప్రిల్ ఆరున నాకు ఆపరేషను."