గట్టిగా ఉందా?

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, కొలరాడోలో ఒక కొండ నాతో మాట్లాడింది. నవ్వకండి. నేను చెప్పే కథల్లో ఎలుగుబంట్లు కాస్త ఎక్కువగా తిరుగుతుంటాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. దీన్లో ఒక్కటి కూడా లేదు.

మా మేనత్త అక్కడి యూనివర్సిటీలో మంచు మీద చదువుతుండేది. ఆ మాట చెబితే బంధువులు "జారి పడదూ?" అని అడిగేవారట. కొండవాలున మంచు ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు పలకలా విరిగి కిందికి దూకుతుంది అన్నదే ఆమె చదువు. మా నాన్న దృష్టిలో మాత్రం ఆమె ఇంకా జడలు వేయించుకునే చెల్లెలే.

ఆ శీతాకాలం నాన్నా నేనూ ఆమెను చూడ్డానికి వెళ్లాం. నాన్న స్నేహితుడొకరు కొండ అవతల చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని మమ్మల్ని బిర్యానీకి పిలిచారు. అక్కడికి నడిచి వెళ్లాలంటే ఒక పెద్ద వాలును అడ్డంగా దాటాలి. చెట్టూ పుట్టా లేకుండా, దుప్పటి పరిచినట్టు నున్నగా ఉంది. ముందురోజు దాకా గాలీ మంచూ విరుచుకుపడ్డాయి. అత్త వాలుకు ఇవతలే, చెట్ల మధ్య ఆగి, పారతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది.

"ఇల్లు కడతావా ఏంటే? అక్కడ బిర్యానీ చల్లారిపోతోంది."

"బిర్యానీ అయితే మళ్లీ వేడి చేసుకోవచ్చు అన్నయ్యా. నిన్ను తవ్వి తీసి వేడి చేయడం నా వల్ల కాదు."

నన్ను గొయ్యిలోకి దింపింది. గోడంతా పొరలు పొరలుగా మంచు. పైన అట్టకట్టిన మందపాటి పొర. అడుగున పంచదార పలుకుల్లాంటి మంచు, గుప్పిట్లో పట్టి ఉండ చేద్దామంటే రాలిపోయేది.

"అడుగున చెయ్యి పెట్టి చూడమ్మా, గట్టిగా ఉందా?"

చిక్కంతా ఇక్కడే వచ్చింది. అమెరికాలో పుట్టిన నాకు 'గట్టిగా' అంటే ఒక్కటే అర్థం తెలుసు. గట్టిగా అరవకు, టీవీ గట్టిగా పెట్టకు అని పొద్దస్తమానం ఇంట్లో వినేది అదే కదా. అత్త కొండ చప్పుడు వినమంటోంది కాబోలనుకుని, టోపీ తీసి చెవిని మంచుకి ఆనించాను.

"లేదత్తా. క్వయెట్‌గా ఉంది."

నాన్న పగలబడి నవ్వాడు. "నీ అసిస్టెంట్ ఓకే చెప్పేసింది, పద పద!" అంటూ, అత్త వద్దంటున్నా చెట్లు దాటి నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, నా చెవి కింద కొండ "హుమ్ఫ్" అంది. ఏనుగొకటి పరుపు మీద కూలబడ్డట్టు.

"అత్తా! ఇప్పుడు గట్టిగా అంది!"

నాన్న కాళ్ల దగ్గర్నుంచి సన్నటి బీట ఒకటి వాలు వైపు పరుగెత్తింది. అత్త గొంతు పెంచలేదు. "అన్నయ్యా, అక్కడే ఆగు. వేసిన అడుగుల్లోనే వెనక్కి రా." మా నాన్న చెల్లెలి మాట వినడం నేను చూసింది అదే మొదటిసారి. తన అడుగులు తానే వెతుక్కుంటూ ఆయన వస్తుంటే, నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

అడుగునున్న పంచదార నలిగి కూలితే వచ్చే చప్పుడట అది. అదే వాలు మధ్యలో కూలి ఉంటే, పైనున్న పలకంతా మమ్మల్ని మోసుకుపోయేదట. అత్త నా టోపీ సర్ది, "కొండ చెప్పింది, నువ్వు విన్నావు. నా చదువంతా అదేనే" అంది. నాన్న నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. బిర్యానీ దక్కలేదు. కారులో కూర్చుని ముగ్గురం బ్రెడ్డూ ఆవకాయా తిన్నాం.

ఆ వాలు తర్వాత విరిగిందో లేదో మాకు తెలియదు. నేను చెప్పేటప్పుడు మాత్రం చాలాసార్లు విరిగింది. అయితే "మా మేనకోడలు మంచు వింటుంది" అని అత్త ఆ ఏడాదంతా కనబడినవాళ్లందరికీ చెప్పడం మాత్రం నేను కల్పించింది కాదు.

అత్త తల ఇప్పుడు ఆ వాలంత తెల్లగా ఉంది. కొండల్లోకి వెళితే ఈనాటికీ పార అందుకుంటూ నా వైపు తిరిగి, "ఏమే, గట్టిగా ఉందా?" అంటుంది. నా పిల్లలు సిగ్గుతో అటు తిరుగుతారు. నేను టోపీ తీసి మంచు మీద పడుకుంటాను. అత్త తవ్వి చూసి సరేననేదాకా చెవి తీయను.