రెండు వేళ్ల ఎడం

రోజూ పొద్దున విజయశ్రీ కూరగాయల చీటీ రాస్తుంది. ముందు ‘ఆకుకూరలు’ అని రాసి, కింది వరసలో కాగితం అంచున రెండు వేళ్లు ఆనించి, వాటి పక్క నుంచి ‘గోంగూర’ మొదలుపెడుతుంది. దాని కింద పాలకూర. మళ్లీ రెండు వేళ్లు.

“గోంగూరకు గింత మర్యాద ఎందుకే?” అంటుంది నానమ్మ బాలనర్సమ్మ. “కూరగాయలాయన నీ చీటీ సదువుతడా ఏంది?”

అలవాటు తాత గండయ్యది. నాచారంలో ఇంకా పొలాలున్న రోజుల నుంచి తమవాళ్ల ఇళ్లలో ఏ పెళ్లైనా కార్డులు పంచే పని ఆయనదే. నోటుబుక్కులో ఇంటి పెద్ద పేరు అంచుకు రాసేవాడు. ఆ ఇంట్లో వేరు పొయ్యి పెట్టుకున్న కొడుకుల పేర్లు రెండు వేళ్లు లోపలికి. వేరు పొయ్యికి వేరు కార్డు ఇవ్వకపోతే ఊరు ఊరుకోదు మరి. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక జాబితా టైపు చేయడం మనవరాలి వంతైంది. వేళ్లకు బదులు ఆమె స్పేస్ బార్ నాలుగుసార్లు కొట్టేది.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక విజయశ్రీ నాచారంలోనే, మందుల పరీక్షల లెక్కలు చూసే ఒక ఆఫీసులో చేరింది. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆరో నెల చివరి శుక్రవారం వచ్చింది. ఆమె ఒంటరిగా చేసిన మొదటి టేబుల్, మందు వేసుకున్నవాళ్లకొచ్చిన బాధల పట్టిక, సాయంత్రం నాలుగింటికల్లా క్లయింటుకు వెళ్లాలి. అది సరిగ్గా వెళ్తేనే ఉద్యోగం.

పదకొండింటికి టీమ్ లీడర్ హృషికేశ్ ప్రింటు పట్టుకుని వచ్చాడు.

“విజయశ్రీ గారూ, ఈ మందు వేసుకున్నవాళ్లలో పొట్ట బాధలు ఎందరికండీ?”

“పన్నెండు మందికి సర్. ఏడుగురికి వికారం, ఐదుగురికి కడుపునొప్పి.”

“ఇది చదివితే ఇరవై నలుగురు కనబడుతున్నారు. మనం మందు పరీక్షిస్తున్నామా, రోగాలు పంచిపెడుతున్నామా?”

ఆమె కాగితం చూసింది. తెరమీద బుద్ధిగా లోపలికి జరిగి కూర్చున్న వికారం, కడుపునొప్పి ప్రింటులో మొత్తం పన్నెండు చూపే ‘జీర్ణకోశం’ అనే శీర్షికతో సమానంగా అంచుకొచ్చి నిలబడ్డాయి. రిపోర్టు తయారుచేస్తూ సాఫ్ట్‌వేర్ ముందున్న ఖాళీలన్నీ మింగేసింది. ఎనిమిది ఖాళీలు పెట్టింది. మింగేసింది. పదహారు పెట్టింది. దాని ఆకలి తీరలేదు.

“స్పేస్ బార్ ఏం పాపం చేసిందండీ, అలా బాదుతున్నారు?” అన్నాడు హృషికేశ్, టీ కప్పుతో అటుగా పోతూ.

విజయశ్రీ అన్నం మానేసి మాన్యువల్ ముందు కూర్చుంది. రెండింటికి దొరికింది దారి. ఖాళీలు కొట్టకూడదు. ప్రతి వరసకూ అది శీర్షికో, లోపలి వరసో పక్క కాలమ్‌లో ఒక అంకెతో గుర్తు పెట్టాలి. లోపలిదైతే ఎంత జరగాలో సాఫ్ట్‌వేర్‌కే చెప్పాలి. చెప్పింది. ప్రింటు తీసి అంచున వేళ్లు ఆనించి చూసింది. సరిగ్గా రెండు వేళ్ల ఎడం.

పేజీ తిప్పింది. పైన దురద, దద్దుర్లు లోపలికి జరిగి ఉన్నాయి గానీ వాటి తల మీద ఎవరూ లేరు. ‘చర్మం’ మొదటి పేజీ అడుగునే ఉండిపోయింది.

నిరుడు ఒక పెళ్లి జాబితాలో ఆమె చేసింది అచ్చం ఇదే. నలుగురు కొడుకులు తండ్రి పేరు లేకుండా రెండో కాగితం మీదికి వచ్చేశారు. కార్డులు పంచడానికి పోయిన కరుణాకర్ బావ, వాళ్లు ఏ ఇంటివాళ్లో తెలియక వదిలేశాడు. ఆ నాలుగు పొయ్యిలవాళ్లూ పెళ్లికొచ్చి, అన్నం ముట్టకుండా ఫంక్షన్ హాల్ బయటే కూర్చున్నారు. ఆ రోజు తాత ఒక్కటే అన్నాడు: “కాగితం తిప్పినంక ఇంటి పెద్ద పేరు మళ్ల రాయాలె బిడ్డా. లేకుంటే కొడుకులు దిక్కులేనోళ్లయితరు.”

రెండో పేజీ పైన ‘చర్మం’ మళ్లీ వచ్చేట్టు, పక్కన ‘తరువాయి’ అని కూడా పడేట్టు పెట్టింది. అప్పటికి మూడు ముప్పావు.

హృషికేశ్ పేజీ అటూ ఇటూ తిప్పాడు. “ఈ తరువాయి నేను చెప్పలేదే! ఎవరు నేర్పారు?”

“మా తాత, సర్.”

“అలాగా! ఏ కంపెనీలో చేసేవారు?”

“కంపెనీ లేదు సర్. పెండ్లి కార్డులు పంచుతుండె.”

నాలుగింటికి ఐదు నిమిషాల ముందు టేబుల్ వెళ్లింది.

ఇప్పుడు వాళ్ల ఆఫీసు ఉప్పల్‌కు మారింది. విజయశ్రీ అక్కడ పర్మనెంట్, రోజూ నాచారం నుంచి షేర్ ఆటోలో వెళ్తుంది.