అవ్వ లేని ల్యాబు

పుదుచ్చేరిలోని మా బడికి ఆ కళ్ళజోళ్ళు వచ్చిన రోజు నేను మొహం మాడ్చుకున్నాను. ల్యాబులో సింకు కారుతోంది, బాగు చేయించమని ఎన్నాళ్ళు మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. గంతల్లాంటి ఈ కళ్ళజోళ్ళు మాత్రం మెత్తటి పెట్టెల్లో దర్జాగా దిగాయి. వాటిని తగిలించుకుంటే కళ్ళముందు ఒక ల్యాబు కనబడుతుందట. చేతుల్లో పిడులు పట్టుకుని కదిలిస్తే అందులో మన చేతులూ కదులుతాయట. "ఆడుకునే సామాన్లతో కెమిస్ట్రీ ఏంటి?" అని స్టాఫ్‌రూములో అందరి బుర్రా తిన్నాను.

ఆ ఏడాది నా ప్లస్ టూ క్లాసులో మూలకుళం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. మాలాగే ఇంట్లో తెలుగు. తల్లీతండ్రీ పనులకు వెళ్ళిపోతే పెంచిందంతా అవ్వే. ఫార్మసీ చదవాలని ఆ పిల్ల ఆశ. కానీ చేతిలో ఏదీ నిలవదు. ఒకరోజు యాసిడ్ సీసా జారి మణికట్టు మీద కాలింది. మచ్చ చిన్నదే, భయం పెద్దది. ఆ తరువాత చుక్కలు వదిలే బ్యూరెట్ గొట్టం దగ్గరికే రాలేదు. ప్రాక్టికల్ పరీక్షకు రాకపోతే ఏడాది పోతుంది, ఫార్మసీ మాట అటుంచి. బతిమాలాను, తిట్టాను. తల దించుకుని నిలబడేది.

చివరికి వేరే దారిలేక, నేను ఎగతాళి చేసిన కళ్ళజోడునే తగిలించాను. అందులో యాసిడ్ ఒలికినా కాలదు, గాజు పగిలినా నేను అరవను. లోపల ఆ పిల్ల చూసేదంతా నాకు తెర మీద కనబడుతుంది. మొదటి రోజు ఫ్లాస్కులు వరసబెట్టి పగలగొట్టి నవ్వింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచివచ్చింది.

కొన్నాళ్ళకు తెర మీద ఒక వింత చూశాను. బ్యూరెట్ కుళాయిని ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కును మెల్లగా ఊపుతోంది. పుస్తకం చెప్పే పద్ధతి అదే. కానీ మంచి పనికి ఎడమచెయ్యి ముందుకు రాకూడదని పెరిగిన మా పిల్లలు, ఎంత చెప్పినా కుడిచేతినే కుళాయి మీద వేస్తారు. ఈ పిల్ల చుక్క చుక్కగా వదిలి, ద్రావణం లేత గులాబీకి తిరగ్గానే ఆపేసింది. నా సర్వీసులో అంత నాజూకైన చెయ్యి చూడలేదు.

"నీది ఎడమచేతి వాటమా? చిన్నప్పటి పళక్కమా?" అన్నాను.

"చిన్నప్పుడు మిస్. అవ్వ మాన్పించేసింది."

"మరి ఇప్పుడు?"

కళ్ళజోడు తియ్యకుండానే, "ఈడ అవ్వ లేదు గదా మిస్," అంది.

కెమిస్ట్రీ నేర్పింది నేనే, ఆ గొప్ప నేను వదులుకోను. ఎవరూ కనిపెట్టుకుని ఉండని చోటు ఇచ్చింది మాత్రం ఆ కళ్ళజోడే. నటేశన్ నగర్‌లో మా ఇంట్లో ఆ వారమంతా దాన్ని పొగుడుతూనే ఉన్నాను.

పరీక్ష దగ్గరపడ్డాక అవ్వ బడికి వచ్చింది. "యాసిడ్ సదువు మాకొద్దు టీచరమ్మా. పిల్లని కాల్చుకోలేం. పరీక్షకి పంపను," అని తేల్చి చెప్పింది. నేను వాదించలేదు. తెర ముందు కూర్చోబెట్టాను. అమ్మాయి కళ్ళజోడు పెట్టుకుని లోపలి గదిలో ఉంది, తొడుగులు వేసుకున్న రెండు చేతులు మాత్రం తెర మీద పని చేస్తున్నాయి.

"ఎవురిదమ్మా ఆ సెయ్యి? ఒక్క సుక్క సిందలే," అంది అవ్వ.

"మీ మనవరాలిదే. అది ఎడమచెయ్యి."

అవ్వ కుర్చీ ముందుకు జరుపుకుని తెర మీది ఆ చేతినే చూసింది. లేచి వెళ్ళిపోయింది.

పరీక్షనాడు గేటు దగ్గర ఇద్దరూ కనబడ్డారు. నిజం బ్యూరెట్ ముందు ఆ పిల్ల కాస్త ఆగి, ఎడమచెయ్యి చాచింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గులాబీ రంగు నిలవగానే కుళాయి ఆగింది.

బయటికి వచ్చాక అవ్వ ఆ ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఈ సేతికే టీచరమ్మా, అన్నం తినేటప్పుడల్లా గుడ్డ సుట్టి కట్టేసినాను," అంది. ఏ మరకా లేని ఆ చేతిని కొంగుతో మళ్ళీ మళ్ళీ తుడిచింది.