నా మాట నమ్మి కూర్చున్నవాళ్లు

ఏప్రిల్ చివరి సోమవారం, ఉదయం ఏడుంపావుకు జూబ్లీ హిల్స్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా డ్యూటీలో చేరాను. పదిహేడేళ్ల సైనిక సర్వీసు ముగించుకుని ఎర్రగడ్డలోని ఇంటికి వచ్చి అప్పటికి నెల. మావాళ్లు ఇప్పటికీ సరిహద్దు సంగతులే అడుగుతారు. అవి తేలిగ్గానే చెబుతాను. ఈ పోస్టింగులో జరిగిందే ఎవరికీ చెప్పలేదు.

అదొక సాఫ్ట్‌వేర్ కంపెనీ. బండను తొలిచి కట్టిన మూడంతస్తుల భవనం. వెనుక రాయి, ముందు ఒకటే గేటు. పై అంతస్తు నుంచి చూస్తే దిగువన ఫిల్మ్ నగర్, ఏదో షూటింగుకు వేసిన ప్లైవుడ్ కోటగోడ కనిపించేవి. నాకు నీలం యూనిఫారం, విజిల్, వాకీటాకీ ఇచ్చారు. నా కింద ఆరుగురు గార్డులు.

ముందు వాళ్లకు నిలబడడం నేర్పాను. మా సుబేదారు నాకు నేర్పిందే. వెన్ను నిటారుగా ఉండాలి. చేతులు ఎదుటివాడికి కనబడాలి. గొంతు పెంచకూడదు. మాట ముగిశాక ఒక్క క్షణం కదలకూడదు. నెల తిరిగేసరికి కార్ల డ్రైవర్లు గేటు ముందు హారన్ కొట్టడం మానేశారు. అక్కడ పనిచేసే పిల్లలు ఆగి మరీ "గుడ్ మార్నింగ్ అంకుల్" అనేవారు. గర్వంగా ఉండేది.

నేను చేరిన పదకొండో నెలలో ఒక గురువారం. పది గంటలకు మేనేజరు పిలిచాడు. టేబుల్ మీద కవర్లు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. విదేశాల పని ఆగిపోయిందట. మూడో అంతస్తులోని నలభై ఒక్కమందినీ ఆ రోజే తీసేస్తున్నారు.

"కంప్యూటర్లు లాక్ చేసేదాకా వాళ్లని ట్రైనింగ్ హాల్లో కూర్చోబెట్టండి. ఏదో చెకింగ్ అనండి. మేం చెబితే గొడవ చేస్తారండీ. మీరు చెబితే వింటారు."

"ఎంతసేపు సార్?"

"గంట."

ఆర్డరు ఆర్డరే అనుకున్నాను. పదీ ఇరవైకి అందర్నీ సంచులతో సహా హాల్లోకి పంపి, తలుపుకు లోపలినుంచి తాళం వేసి, దాని ముందు నిలబడ్డాను. హాలుకు కిటికీలు లేవు. పదిన్నరకు గుసగుసలు మొదలయ్యాయి. మొదటి వరుసలో కొత్తగా చేరిన కాకినాడ అమ్మాయి లేచింది.

"అంకుల్, ఏమైనా ప్రాబ్లమా?"

చేతులు కనిపించేలా పెట్టాను. గొంతు తగ్గించాను.

"ఏం కాలేదమ్మా. జర కూసోండి."

కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు.

గంట దాటింది. వాకీటాకీలో గేటు గార్డు అడిగాడు.

"సార్, గేటు బంద్ పెట్టినమని డ్రైవర్లు పరేషాన్ చేస్తున్నరు. ఏం చెప్పాలె?"

"ఆగమను."

"లోపల ఏమైంది సార్?"

వాకీటాకీ బెల్టుకు తగిలించాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది. వాళ్లను పట్టి ఉంచింది తాళం కాదు, నేను నిలబడిన తీరు. కాలు కదిపితే వాళ్లకు తెలిసిపోతుంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా బయటపడే దారి నాకే లేదనిపించింది.

పన్నెండున్నరకు మేనేజరు కవర్లతో వచ్చాడు. ఒకతను బల్లను తన్నాడు. ఎవరో ఏడ్చారు. ఆ అమ్మాయి కవరు చదివి, మడిచి, నా దగ్గరికొచ్చింది.

"మీకు ముందే తెలుసా అంకుల్?"

"తెలుసు."

కవరు సంచిలో పెట్టుకుంది.

"ఒక్కొక్కర్నీ వెనక మెట్ల మీంచి దించి, గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి పంపండి. పక్కన గార్డు ఉండాలి," అన్నాడు మేనేజరు.

"దొంగలు కాదు సార్ వీళ్లు," అన్నాను. అప్పుడు మాత్రం నా గొంతు పెరిగింది. తలుపు తీశాను. వాకీటాకీలో ముందు గేటు బార్లా తెరవమన్నాను. నలభై ఒక్కమందీ సంచులు భుజాన వేసుకుని ఆ గేటు నుంచే వెళ్లారు. ఎవరూ నాకేసి చూడలేదు.

సాయంత్రం యూనిఫారం అప్పగించి బస్సెక్కాను. ఉద్యోగం ఎందుకు మానేశావని ఇంట్లో అడిగితే నడుంనొప్పి అన్నాను. అదీ నెమ్మదిగానే చెప్పాను. నమ్మారు.

మంచులో మూడు శీతాకాలాలు గడిపాను. ఏదీ కలలోకి రాదు. ఆ హాల్లో పదకొండున్నరప్పటి సంగతొక్కటే వస్తుంది. నా మాట మీద నిబ్బరంగా కూర్చున్న ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా తెరిచింది. పెరుగన్నం, మాగాయ ముక్క. పక్కవాళ్లకు తలా కాస్త పంచింది. తర్వాత మూతలో రెండు ముద్దలు పెట్టి, నవ్వుతూ నా వైపు చాచింది.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు. తినండంకుల్."