సుబ్బరాజుగారి ఆఫీసులో ఎర్ర లైటు

మొన్న నా పరువు ఎలా పోయిందో చెప్తా వినండి. అదీ ఊరికే పోలేదు, స్పీకర్ ఫోన్లో పోయింది!

రాజమండ్రిలో సుబ్బరాజుగారని, చేపల మేత వ్యాపారం చేసే పెద్దాయన ఉన్నారు. ఆయన కొత్త ఆఫీసు డిజైన్ నాదే. "నాలుగు ఏసీలు పెట్టించెయ్యండి వసుధగారూ, గొడవుండదు" అన్న మనిషిని బతిమాలి బామాలి గ్రీన్ బిల్డింగ్‌కి ఒప్పించా. గాలి అటునుంచి ఇటు ఆడేలా కిటికీలు, ఎండ లోపలికి కొట్టకుండా సన్‌షేడ్లు, ఘాటు వాసన రాని పెయింటు. "ఇందులో పనిచేసేవాళ్ళకి తలనొప్పి రాదండీ, మధ్యాహ్నం కునుకు రాదండీ" అని మాట కూడా ఇచ్చేశా. ఆ మాట నిలబడితేనే నరసాపురంలో కట్టబోయే ఆయన రెండో ఆఫీసు నాకొస్తుంది.

మాటలెందుకు, చూపించేద్దామని గాలి మీటరొకటి పట్టుకెళ్ళా. చిన్న డబ్బా. గదిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువుంటే పచ్చ లైటు, పెరిగితే ఎర్ర లైటు వెలిగి కుయ్యోమంటుంది.

సుబ్బరాజుగారు, వాళ్ళావిడ సత్యవతిగారు, స్టాఫ్ అంతా హాల్లో కూర్చున్నారు. మీటర్ టేబుల్ మీద పెట్టా. పచ్చ లైటు! అంకెలు కూడా చదివి వినిపిద్దామని వంగా. కళ్ళజోడేమో కార్లో మర్చిపోయా, అంకెలేమో చీమల్లా ఉన్నాయి. మొహం దగ్గరగా పెట్టి, "చూశారా అండీ, ఎంత ఫ్రెష్ గాలో..." అంటున్నా.

కుయ్! ఎర్ర లైటు.

"ఏంటండీ బాబూ, అలా అరుస్తోంది?" అన్నారు సుబ్బరాజుగారు.

"ఏం లేదండీ, కిటికీలు కొంచెం తెరవాలి." గబగబా అన్నీ తెరిచేశా. గోదావరి గాలి ఒక్కసారిగా లోపలికొచ్చి, అకౌంటెంట్‌గారి టేబుల్ మీద బిల్లులన్నీ గాల్లోకి లేపింది. ఆయన వాటి వెంట పరుగు. కూత ఆగింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ వంగి చూశా.

కుయ్!

ఇక నాకు కాలు నిలవలేదు. దేవుడి పటం దగ్గర అగరొత్తులు ఆర్పించా. వెనక వంటగదిలో పెసరట్లు వేస్తుంటే పరుగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేశా. సగం కాలిన అట్టు పెనం మీదే ఉండిపోయింది. నా వెనకే వచ్చిన సత్యవతిగారు దానివంక, నావంక జాలిగా చూశారు. "స్టవ్ మంటకే అరుస్తోందేమో అనుకున్నానండీ" అని గొణిగి, మళ్ళీ పరుగున వచ్చి మీటర్ మీదకి వంగా.

కుయ్ కుయ్!

"జనం ఎక్కువయ్యారండీ! అందరూ ఒక్క పది నిమిషాలు బయట నిలబడండి ప్లీజ్!"

పాపం, ఓనర్‌తో సహా అందరూ వరండాలోకి వెళ్ళి ఎండలో నిలబడ్డారు. కిటికీ ఊచల్లోంచి నావంకే చూస్తున్నారు. సుబ్బరాజుగారు వాచీ చూసుకుని, "ఏసీ అయితే ఈపాటికి చల్లగా కూర్చునేవాళ్ళం" అనడం నాకు స్పష్టంగా వినబడింది. చెమటలు పట్టేశాయి. మీటర్ మాత్రం నా మొహమ్మీదే కూస్తోంది.

ఇది మీటర్ తప్పేనని తేల్చేసి, కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశా. తప్పు వాళ్ళదేనని అందరికీ తెలియాలిగా, స్పీకర్ ఆన్ చేశా!

"హలో! మీ మీటర్ పాడైందండీ. ఖాళీ గదిలో కూడా ఎర్ర లైటే!"

"దాని ముందు ఎవరైనా ఊపిరి వదుల్తున్నారా మేడం?"

"అబ్బే, ఎవరూ లేరండీ. అందర్నీ బయటికి పంపేశా."

"మరి మీరెక్కడున్నారు మేడం?"

"దాని ముందే! మొహం పెట్టి మరీ చూస్తున్నా, అంకెలు అలా పెరుగుతూనే..."

టక్కున మొహం వెనక్కి లాక్కున్నా. ఫోన్లో ఆయన నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. వరండాలో ముందు సత్యవతిగారు కిసుక్కుమన్నారు, ఆ వెంటనే స్టాఫంతా గొల్లుమన్నారు.

మీటర్ తీసి దూరంగా అల్మరా మీద పెట్టాం. అందరూ లోపలికొచ్చి కూర్చున్నారు, స్టవ్ మళ్ళీ వెలిగింది, పెసరట్లు తిన్నాం. అంతసేపూ పచ్చ లైటే! నేను మాత్రం తలెత్తితే ఒట్టు.

వెళ్ళేముందు సుబ్బరాజుగారు గుమ్మం దాకా వచ్చారు. "గాలి బ్రహ్మాండంగా ఉందండి. నరసాపురం ఆఫీసు కూడా మీరే చెయ్యండి. కాకపోతే ఓపెనింగ్ రోజు మీరు కాస్త బయట కుర్చీ వేసుకుని కూర్చోవాలండి."

ఒప్పేసుకున్నా. ఏం చెయ్యను? ఆ బిల్డింగంతా వెతికినా గాలి పాడుచేసేది నేను తప్ప ఇంకేదీ దొరకలేదు మరి!