క్రీట్ లోయలో కంచరగాడిద

మోకాలి ఆపరేషన్ అయిన మరుసటి ఏడాది మా ఆవిడకు కొండల్లో నడవాలని కోరిక పుట్టింది. షార్జాలో మేముండే అల్ నహ్దా భవనంలో లిఫ్టు ఆగిపోతే ఇంట్లోనే కూర్చునే మనిషి. అలాంటిది, మధ్యధరా సముద్రంలోని క్రీట్ దీవిలో ఓ లోయ ఉందనీ, పొద్దున్నే కొండ మీద బయలుదేరితే సాయంత్రానికి సముద్రం దగ్గర తేలతామనీ ఎక్కడో చూసింది. మొత్తం నా కాళ్లతోనే నడుస్తానని ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గే వీల్లేదు.

నాకు ఏదైనా పద్ధతిగా జరగాలి. చలికాలమంతా ఆదివారాలు రాస్ అల్ ఖైమా కొండల్లో ఆమెతో సాధన చేయించాను. ఎంతవరకు నడిచిందో, ఎక్కడ కూలబడిందో ఎప్పటికప్పుడు డైరీలో రాసేవాణ్ణి. షార్జా శివార్లలోని సజ్జా ఫ్యాక్టరీల్లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన జగిత్యాల మిత్రుడొకడు మాతో వచ్చేవాడు.

"అన్నా, అక్క మంచిగనే నడుస్తున్నది. నువ్వు రాసుడు ఆపి జెర కాళ్లు కదుపు. యల్లా!" అనేవాడు.

వసంతంలో ముగ్గురం క్రీట్ చేరాం. లోయకు రెండు వైపులా నిటారు బండలు, అడుగున గుండ్రాళ్ల మీదుగా పరుగెత్తే వాగు. సగం దారిలో రాళ్లతో కట్టిన చిన్న చర్చి కనిపించింది. ఆ దీవి మనిషే అయిన మా గైడమ్మ బూట్లతోనే లోపలికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించింది.

"బూట్లు విప్పండి," అన్నాను మావాళ్లతో.

"ఆవిడ విప్పలేదుగా?" అంది మా ఆవిడ.

"ఆవిడ సంగతి ఆవిడది. దేవుడి దగ్గర మన పద్ధతి మనది."

గడప బయట మూడు జతలూ వరుసగా పెట్టించాను. దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి, ఓ కొండమేక మా ఆవిడ బూటు నాకుతోంది. చెమట ఉప్పు రుచి కాబోలు. నేను అదిలించాను. అది లేసు నోట కరుచుకునే గెంతింది. బూటు వాగులో పడి, చూస్తుండగానే కొట్టుకుపోయింది.

"ఖలాస్," అన్నాడు మిత్రుడు.

నడవలేని వాళ్ల కోసం అక్కడ కంచరగాడిదను ఉంచుతారు. గైడమ్మ దాన్ని తెప్పించింది. మా ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇన్నాళ్లు కొండలెక్కింది దీని మీద కూర్చోడానికాండీ?" అంది. కాసేపు నా కాళ్ల వైపే చూసింది. "మీ బూట్లు ఇలా ఇవ్వండి."

"నీకు పెద్దవవుతాయే..."

"ఇవ్వమన్నానా! దణ్ణాలు పెట్టించింది మీరేగా."

నా మేజోళ్లు కూడా ఊడబెరుక్కుని, బూట్ల ముందు భాగంలో కుక్కి తొడుక్కుంది. ఒట్టికాళ్లతో నేను కంచరగాడిద ఎక్కాను.

"అన్నా, పెండ్లిపిలగాని లెక్కున్నవ్. బరాత్ ఒక్కటే తక్కువ!" అన్నాడు మిత్రుడు, ఫొటోలు తీస్తూ.

మా ఆవిడ టపటపమంటూ ముందు నడిచింది. ఇరుకు చోట్ల గైడమ్మ చెయ్యందిస్తే అక్కర్లేదంది. దారిన పోయే తెల్లవాళ్లు మాత్రం నన్ను జాలిగా చూసి, దెబ్బ తగిలిందా అని అడిగారు. "గోట్ ప్రాబ్లం," అని మిత్రుడే జవాబు చెప్పాడు.

నేను సముద్రం ఒడ్డుకు చేరేసరికి ఆమె మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"దిగుతారా, అక్కడే ఉంటారా?" అని కేకేసింది.

కంచరగాడిద మీంచి దిగడం నాకు చేతకాలేదు. నవ్వుతూ, తడికాళ్లతో తనే వచ్చి చెయ్యందించింది.